జోకొట్టిన చేయి

వీధిలో అందరికీ ఆవిడ వదినమ్మే. పాలు పోసే అతనికీ, గుండీలమ్మే కొట్టావిడకీ, మేడ మీద అద్దెకుంటున్న కొత్త దంపతులకీ కూడా. వాళ్లెవరికీ ఆవిడ వరసకి ఏమీ కాదు. మరిది టీవీలో కూర్చుని ప్రభుత్వ ఖర్చుల్ని చెండాడేటప్పుడల్లా "అదే మా వదిన అయితే" అని ఎత్తుకుంటాడు. అలా ఎత్తుకుని ఎత్తుకుని, ఆవిడకి అసలు పేరంటూ ఒకటుందన్న సంగతే అందరూ మరిచిపోయేలా చేశాడు.

ఆ సాయంత్రం ఆవిడ ముందు గదిలో కుట్టుమిషను దగ్గర కూర్చుని పక్కింటాయన ప్యాంటు పొడుగు తగ్గిస్తోంది. అప్పుడే బ్యాంకు నుంచి వచ్చిన తోడికోడలు కాళ్లు బల్ల మీదకి చాపుకుని టీ తాగుతోంది. టీవీలో మరిది, ఇంట్లో ఎప్పుడూ దువ్వని జుట్టు నున్నగా దువ్వుకుని, కనుబొమలెగరేస్తూ మాట్లాడుతున్నాడు. సభలో ప్రభుత్వ పద్దు, అదే బడ్జెట్టు, ఇంకా తేలలేదు. ఈ పక్షం పెడతానన్న ఖర్చుకి ఆ పక్షం ఒప్పుకోదు, ఆ పక్షం పెట్టమన్న కోతకి ఈ పక్షం ఒప్పుకోదు. వాళ్ల పంతాలు తేలేదాకా ఖజానా తాళం తీసేవాళ్లు లేరు. పార్కు గేటుకి గొలుసు పడింది. గ్రంథాలయం తలుపు మీద కాగితం అతికించారు. వీధి దీపాలు ఒకటి విడిచి ఒకటి వెలుగుతున్నాయి.

"ఇవాళ మీ గురించి ఏం చెబుతారో చూద్దాం అక్కా," అంది తోడికోడలు. "మొన్న మీరు అరిగిపోయిన సబ్బుముక్కలన్నీ కూడబెట్టి కొత్త సబ్బు చేస్తారని చెప్పారు. మా ఆఫీసులో ఒకావిడ అదెలా చేయాలో కనుక్కుని రమ్మంది."

"నేనెప్పుడు చేశానే సబ్బు?"

"చేయలేదని నాకు తెలుసు. జనానికి తెలీదుగా."

వదినమ్మ నవ్వుకుంది. నిజానికి ఆవిడది అంత పొదుపు చేయి కాదు. గుండీల కొట్టు కనిపిస్తే కాళ్లు వాటంతటవే ఆగిపోతాయి. ఏ చొక్కాకీ సరిపోని ఆకుపచ్చ గుండీలు, నత్తగుల్ల గుండీలు, డబ్బాల నిండా మూలుగుతున్నాయి. ఈ సంగతి మరిదికి తెలియక కాదు. వాదనకి పనికిరానివి అతని కంటికి ఆనవు, అంతే.

"నాకు ఊహ తెలిసీ తెలియనప్పటి జ్ఞాపకం ఒకటుంది," అంటున్నాడు టీవీలో. గొంతు తగ్గించాడు. ఇది కొత్త కథ అని వదినమ్మకి అర్థమైంది. పాత కథలకి గొంతు తగ్గించడు. "మధ్యాహ్నం పూట. కిటికీకి నీలం గుడ్డ కట్టి ఉంటుంది. నేను బోర్లా పడుకుని ఉంటాను. నా వీపు మీద ఒక చేయి. ఒకసారి తట్టి ఆగేది. మళ్లీ ఒకసారి తట్టి ఆగేది. గబగబా తట్టదు. ఆ ఆగినప్పుడు నేను ఎదురుచూసేవాణ్ని, వస్తుందా రాదా అని. తప్పకుండా వచ్చేది. అది మా వదిన చేయి. ప్రేమని కూడా దుబారా చేయని చేయి. ఎక్కడ తట్టాలో, ఎక్కడ ఆగాలో తెలిసిన చేయి. మన ప్రభుత్వానికి తెలియనిది ఆ ఆగడమే!"

యాంకరమ్మాయి కళ్లు ఒత్తుకుంది. "ఎంత బాగా చెప్పారండీ."

"అందుకే అంటున్నాను. ఈ శిశు కేంద్రాలు, ఈ ఆయాలు, ఇదంతా ఎవరి కోసం? పిల్లల్ని పెంచాల్సింది ఇల్లు. ఖజానా కాదు. కోత వేయక తప్పదంటే ముందు అక్కడ వేయండి."

మిషను ఆగింది. వదినమ్మ చేతిలో గుడ్డ కిందికి చూసుకుంది. ప్యాంటు రెండు కాళ్లూ కలిపి ఒకే అంచుగా కుట్టేసింది.

"అయ్యో, పాపం ఆయన గెంతుకుంటూ వెళ్లాలి," అని తోడికోడలు పగలబడి నవ్వింది.

వదినమ్మ నవ్వలేదు. చిన్న కత్తెర తీసుకుని ఒక్కొక్క కుట్టే తెంపుతూ కూర్చుంది. నీలం గుడ్డ. అది ఆవిడకీ తెలుసు. ఆ గుడ్డ వాళ్లింటి కిటికీది కాదు. వాళ్లింట్లో అప్పుడు కిటికీయే లేదు. ఆ మధ్యాహ్నాలన్నీ ఆవిడ ఆసుపత్రి వెనక చాకిరేవు గదిలో, మరిగే తొట్ల మధ్య, రోగుల దుప్పట్లు కర్రతో తిప్పుతూ ఉండేది. ఆ చేయి ఆవిడది కాదు.

శిశు కేంద్రం సంగతి ఇంట్లో ఎవరూ దాచింది లేదు, ఎవరూ చెప్పిందీ లేదు. చిన్నపిల్లాడు పగలు ఎక్కడ పడుకున్నాడన్నది తర్వాత ఎవరికి గుర్తు? అడిగితే చెప్పేవాళ్లు. అతను అడగలేదు. ఇవాళ అడగకుండానే జవాబు చెప్పేసుకున్నాడు.

*

మర్నాడు పొద్దున మరిది ఒక చేత్తో బ్రెడ్డుకి వెన్న రాస్తూ రెండో చేత్తో ఫోను చెవికి ఆనించుకున్నాడు. ఫోను పక్కన పెట్టేదాకా ఆగి ఆవిడ ఎదురుగా కూర్చుంది.

"చిన్నబ్బాయ్, నిన్న నువ్వు చెప్పావే, జోకొట్టడం గురించి."

"విన్నావా వదినా? ఎంతమంది ఫోన్లు చేశారనుకున్నావు! ఒక రిటైర్డు జడ్జిగారు ఏడ్చారట."

"ఆ చేయి నాది కాదురా."

అతను వెన్న కత్తి ఆపి ఆవిడ వంక చూశాడు. ఆ చూపు నిండా ప్రేమే. యాభై ఏళ్ల మనిషి ముఖంలో నాలుగేళ్ల పిల్లాడి ముఖం ఒక్క క్షణం వచ్చి పోయింది.

"చూశావా?" అన్నాడు భార్యవైపు తిరిగి. "ఇదీ మా వదిన. మంచి చేసి నేను కాదంటుంది. ఇది కూడా చెప్పాలి ఈసారి."

"కాదురా, నిజంగానే..."

"ఆ, నిజంగానే. సరేలే. అన్నట్టు వదినా, ఎల్లుండి పద్దు మీద ఓటింగు. రేపు సాయంత్రం ప్రత్యేక కార్యక్రమం పెడుతున్నారు. వాళ్లకి నువ్వు కావాలట. నిన్ను చూపించమని జనం ఒకటే గొడవ. నేను వస్తుందని చెప్పేశాను."

మళ్లీ ఫోను మోగింది. అతను బ్రెడ్డు నోట్లో కుక్కుకుని లేచిపోయాడు. వెళ్తూ వెళ్తూ ఎప్పటిలాగే ఆవిడ భుజం మీద చేయి వేసి ఒకసారి నొక్కాడు. అన్న పోయిన నాటి నుంచి ఒక్క రోజు కూడా ఆ నొక్కు మరిచిపోలేదతను.

తోడికోడలు బల్ల మీద పొడి దులుపుతూ చిన్న గొంతుతో అడిగింది. "నిజమా అక్కా?"

"నిజమే."

"మరెవరిది?"

"శిశు కేంద్రంలో ఆయాది."

తోడికోడలు చాలాసేపు ఆ దులిపిన చోటే దులిపింది. "చెప్పకండి అక్కా," అంది చివరికి. "నా మీద ప్రేమ లేక కాదు గానీ, ఊహ తెలియకముందే తల్లి పోయిన ఆయనకి అమ్మంటే మీరే. ఆ చేయి పట్టుకునే ఇంత దూరం వచ్చానని నాతో ఎన్నిసార్లు అన్నారో. దాన్ని తీసేస్తే ఏం మిగుల్తుంది? ఆయనకీ, మీకూ?"

వదినమ్మకి రాత్రి నుంచి గుండెలో గుచ్చుకుంటున్న ముల్లునే ఈ పిల్ల వేలు పెట్టి చూపించింది.

*

గుండీల కొట్టుకని చెప్పి బయల్దేరింది గానీ ఆ పూట కాళ్లు కొట్టు ముందు ఆగలేదు. "ఏంటమ్మా వదినమ్మా, పొదుపు బాగా ఒంటబట్టిందే!" అని కొట్టావిడ కేకేసినా వినిపించుకోకుండా ఆసుపత్రి వెనక సందులోకి తిరిగింది. చాకిరేవు గది లేదిప్పుడు. అక్కడ కార్లు నిలుపుతున్నారు. శిశు కేంద్రం మాత్రం అలాగే ఉంది, కొంచెం కుంగినట్టు. గుమ్మం బయట పిల్లల చెప్పులూ బూట్లూ వరసగా పెట్టి ఉన్నాయి. అన్నీ అరచేతిలో పట్టేవే.

లోపల మధ్యాహ్నం నిద్రవేళ. కిటికీలకి నీలం గుడ్డలు. ఆ గుడ్డలు మారి ఉంటాయి, రంగు మాత్రం మార్చలేదు. కాచిన పాల వాసన, తడి గుడ్డల వాసన. నేల మీద చాపలు, చాపల మీద పిల్లలు. ఒక కుర్ర ఆయా ఏడుస్తున్న పాపని ఎత్తుకుని అటూ ఇటూ తిరుగుతోంది. గోడ వారన, కాళ్లు బారజాపుకుని ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ఆవిడని చూడగానే వదినమ్మ గుర్తుపట్టింది. జుట్టు మొత్తం తెల్లబడింది గానీ, ఆ కూర్చునే తీరు మారలేదు. ఊయల లాగా నడుము దగ్గర నుంచి కొంచెం కొంచెం ఊగుతూ కూర్చుంటుంది. అందుకే అప్పట్లో అందరూ ఊయలమ్మ అనేవాళ్లు.

"అక్కా," అంది వదినమ్మ గుసగుసగా, పక్కన చతికిలబడి.

ఊయలమ్మ కళ్లు చికిలించింది. "దుప్పట్ల పిల్లవా? ఎన్నాళ్లయిందే! ఇంత లావయ్యావేంటి?"

"నీకింకా ఉద్యోగం ఉందా అక్కా?"

"ఎక్కడి ఉద్యోగం, నేను దిగిపోయి ఎన్నేళ్లో. పద్దు పాస్ కాలేదని జీతాలాపారు కదా, ఒక పిల్ల వేరే పని చూసుకుని వెళ్లిపోయింది. ఆ పిల్లని ఏమనగలం? ఉన్న ఈ ఒక్కత్తీ ఎంతమందిని చూస్తుంది? అందుకని వస్తున్నా. సభ వాయిదా పడిందని చెబితే వీళ్లు నిద్ర వాయిదా వేసుకుంటారా ఏం?"

కుర్ర ఆయా పాపని భుజం మార్చుకుంటూ నవ్వింది. "నెలాఖరుకి మూసేస్తారంటున్నారు పెద్దమ్మా. అప్పుడేం చేస్తావు?"

"అప్పుడు నేనూ పడుకుంటా. నన్నెవరైనా జోకొట్టండి."

వదినమ్మ చూపు ఊయలమ్మ చేతుల మీద నిలిచిపోయింది. ముసలావిడకి ఎడమ పక్క ఒక పిల్లాడు, కుడి పక్క ఒక పిల్ల, ఇద్దరూ బోర్లా పడుకుని ఉన్నారు. ఎడమ చేయి పిల్లాడి వీపు మీద పడింది. అది లేచేలోపు కుడి చేయి పిల్ల వీపు మీద పడింది. మళ్లీ ఎడమ. మళ్లీ కుడి. నడుము దగ్గర ఊగుడు ఎటు వాలితే అటు చేయి.

"మధ్యలో అలా ఆగుతావేం అక్కా?"

"ఆగడమేంటే?" ఊయలమ్మ వింతగా చూసింది. "ఎక్కడాగాను? రెండో దానికి కొడుతున్నాగా! ఇద్దరికీ ఒకేసారి కొడితే ఊగలేం, నడుం పడిపోతుంది. ఒకరి తర్వాత ఒకరికి. ఇక్కడ ఆయాలందరం ఇంతే. పిల్లలెక్కువ, చేతులు తక్కువ."

వదినమ్మ పిల్లాడి వీపు వంక చూసింది. చేయి పడినప్పుడు కొంచెం దిగి, లేచినప్పుడు కొంచెం పొంగి, ఆ ఖాళీలో ఊపిరి బిగబట్టి మళ్లీ చేయి కోసం చూస్తున్నట్టుంది అది.

"నీ మరిది టీవీలో బాగా మాట్లాడతాడటగా," అంది ఊయలమ్మ. "ఈ పిల్ల చెప్పింది. మమ్మల్ని తీసేయమన్నాడటగా."

వదినమ్మ తల దించుకుంది. "వాడికి తెలీదక్కా. నువ్వే చూసుకున్నావని తెలీదు."

"వాడికేం తెలుస్తుంది, ఇంతుండేవాడు." ముసలావిడ చేతులు ఆపకుండానే గడ్డంతో ఎత్తు చూపించింది. "చిన్నప్పుడూ అంతే. నిద్ర ముంచుకొచ్చేదాకా వాగుతూనే ఉండేవాడు. సగం మాటలో పడిపోయేవాడు. లేవగానే మిగతా సగం చెప్పేవాడు."

"రేపు టీవీకి రాకూడదూ? నువ్వొచ్చి చెబితే..."

"నేనా! ఆ వేళకి పిల్లల తల్లులొస్తుంటారు. ఎవరి చెప్పులెవరికో తొడిగి పంపేస్తుందిది." కుర్ర ఆయా వైపు కన్ను గీటింది. తర్వాత నెమ్మదిగా అంది. "ఎందుకే అవన్నీ? వాడు పెద్దవాడయ్యాడు. నిన్ను బాగా చూసుకుంటున్నాడు. నాకది చాలు."

తిరిగి వస్తూ వదినమ్మ గొలుసు వేసిన పార్కు గేటు పట్టుకుని కాసేపు నిలబడింది. లోపల పిల్లల జారుడుబల్ల మీద ఆకులు రాలి ఉన్నాయి. ఇంట్లో తనకో గది ఉంది, మంచముంది, వేళకింత భోజనముంది. వాటికేం భయం లేదు. మరిది మాట తప్పే మనిషి కాదు. భయమల్లా పొద్దున పూట భుజం మీద పడే ఆ నొక్కు గురించి. రేపటి తర్వాత కూడా అది పడుతుందేమో. కానీ అలవాటుగా పడుతుందా, ప్రేమగా పడుతుందా? ఆ తేడా భుజానికి తెలిసిపోతుంది.

కానీ ఆ ముసలావిడ రెండు చేతులూ కళ్ల ముందు నుంచి కదలడం లేదు. తనకి రాని మెప్పు గురించి ఒక్క మాట అనలేదావిడ. అననివాళ్ల తరఫున ఎవరో ఒకరు అనాలి కదా.

*

స్టూడియోలో చలి ఎముకలు కొరికేస్తోంది. ఒక అమ్మాయి వదినమ్మ ముఖానికి పౌడరు అద్దింది. ఒకతను మెడ దగ్గర చీమంత మైకు తగిలించి "దగ్గితే ఇది అందరి ఇళ్లలోనూ దగ్గుతుందమ్మా, చూసుకోండి" అన్నాడు. మరిది పక్క కుర్చీలో కూర్చుని ఆవిడ చేయి తట్టాడు. "భయపడకు వదినా. అడిగినదానికి ఆ, ఊ అను. మిగతాది నేను చూసుకుంటా."

"చిన్నబ్బాయ్, నేను చెప్పేది ఒక్కసారి..."

ఎర్ర దీపం వెలిగింది.

యాంకరమ్మాయి నవ్వుతూ మొదలుపెట్టింది. "ఇన్నాళ్లూ వింటున్న వదినమ్మ గారు ఇవాళ మన మధ్య ఉన్నారు! అమ్మా, సభలో ఇంత గొడవ జరుగుతోంది కదా, ప్రభుత్వం డబ్బు ఎలా ఖర్చు పెట్టాలంటారు?"

"నాకు తెలీదమ్మా," అంది వదినమ్మ. "నేను గుండీలకి తగలేస్తాను."

కెమెరా వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మరిది హాయిగా నవ్వాడు. "చూశారా? వినయం! నిన్న ఏమందో తెలుసా, ఆ జోకొట్టిన చేయి తనది కాదంది!"

"అయితే మనం ఒప్పుకోం," అంది యాంకరమ్మాయి. బల్ల కింద నుంచి ఒక దిండు తీసింది. ముందే సిద్ధం చేసి పెట్టుకున్నట్టున్నారు. "అమ్మా, ఇదిగో మీ చిన్న మరిది. ఎలా జోకొట్టేవారో మా ప్రేక్షకులకి ఒక్కసారి చూపించండి."

దిండు ఒళ్లోకి వచ్చింది. తెల్లగా, మెత్తగా ఉంది. ఒకసారి తట్టి ఆగితే చాలు. అందరూ చప్పట్లు కొడతారు. ఇంటికెళ్లి అన్నం తిని పడుకోవచ్చు. వదినమ్మ మరిది వైపు చూసింది. అతని ముఖంలో ఆ నాలుగేళ్ల పిల్లాడు వచ్చి కూర్చున్నాడు. చేయి కోసం ఎదురుచూస్తున్నాడు.

"ఇంకొకటి కావాలమ్మా," అంది వదినమ్మ.

"ఏంటండీ?"

"ఇంకో దిండు."

యాంకరమ్మాయి తెల్లబోయి, తను ఆనుకున్న దిండే తీసి ఇచ్చింది. వదినమ్మ కుర్చీ మీద నుంచి దిగింది. నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుని, ఒక దిండు ఎడమ పక్క, ఒకటి కుడి పక్క పెట్టుకుంది. కెమెరా అతను గబగబా కెమెరాని కిందికి వంచాడు. ఆవిడ నడుము దగ్గర నుంచి నెమ్మదిగా ఊగింది. ఎడమ చేయి ఎడమ దిండు మీద పడింది. కుడి చేయి కుడి దిండు మీద. ఎడమ. కుడి.

"ఇలాగమ్మా," అంది. "మా వాడు ఆగిందనుకున్నాడు. అది ఆగలేదు. పక్కన పడుకున్న పిల్లకి వెళ్లింది. వాళ్లమ్మ కూడా నాలాగే పనికెళ్లింది కదా."

చేతులు ఆపకుండానే ఆవిడ మళ్లీ అంది.

"నేనప్పుడు ఆసుపత్రి దుప్పట్లు ఉతికేదాన్ని. పొద్దున శిశు కేంద్రంలో దింపి, సాయంత్రం తెచ్చుకునేదాన్ని. ఈ చేతులు ఊయలమ్మవి. ఇప్పటికీ అక్కడే ఉంది, జీతం లేకపోయినా. మా వాడు మంచివాడు. నాకు పెట్టిన మెప్పు కొంచెం పెద్ద కొలత అయిపోయింది, భుజాల దగ్గర జారిపోతోంది. ఎవరి కొలతకి కుట్టిందో వాళ్లకి ఇచ్చేద్దామని వచ్చాను." ఆవిడ కెమెరా ఎటుందో తెలియక, తనకి కనిపించిన ఎర్ర దీపం వైపు చూసి అంది. "ఊయలమ్మక్కా, నీకు నేనెప్పుడూ చెప్పలేదు. నువ్వు వాణ్ని చూసుకున్నావు కాబట్టే నేను పని చేసుకోగలిగాను, మా ఇల్లు నిలబడింది. నీ రెండు చేతులకీ దణ్ణం."

యాంకరమ్మాయి మరిది వైపు తిరిగింది. ఏ ప్రశ్నకైనా తడుముకోని మనిషి. అతను దిండ్లకేసి చూశాడు. చివరికి "కుడి పక్క ఎవరు?" అన్నాడు, ఎవరిని అడిగాడో తెలియదు. వెంటనే ప్రకటనలు వేసేశారు.

*

కారు అతనే నడుపుతున్నాడు. ఒకటి విడిచి ఒకటి వెలిగే వీధి దీపాల కింద అతని ముఖం కనిపిస్తూ, మాయమవుతూ ఉంది. వదినమ్మ బ్యాగు గట్టిగా ఒళ్లో పట్టుకుని కూర్చుంది.

"డబ్బు లేని చోట కోత తప్పదు వదినా," అన్నాడు హఠాత్తుగా. "ఆ మాట మీద నేనిప్పటికీ ఉన్నాను."

"నాకవేం తెలీవు నాయనా. నువ్వు చదువుకున్నవాడివి."

"కానీ ఎక్కడ కోయాలో చెప్పే ముందు..." ఆగాడు. సిగ్నల్ దగ్గర కారు ఆగింది. "నువ్వు నిన్న పొద్దున చెప్పావు. నేను వినలేదు. కళ్ల ముందు కూర్చుని చెప్పావు."

"బ్రెడ్డు తింటున్నావు కదా."

అతను నవ్వబోయాడు గానీ అది నవ్వు కాలేదు. స్టీరింగు వదిలి కళ్లజోడు తుడుచుకున్నాడు. వెనక బండివాడు హారను కొట్టాడు.

మర్నాడు సభలో ఏదో సర్దుబాటు జరిగింది. ఎవరి పంతం నెగ్గిందో ఎవరికీ తెలియలేదు. ఇద్దరూ తామే నెగ్గామన్నారు. కొంతకాలానికి సరిపడా ఖజానా తాళం తీశారు. శిశు కేంద్రాల మాట మళ్లీ వచ్చే సమావేశాల్లో చూద్దామన్నారు. అంటే ఇంకా ఏమీ తేలలేదనే. కానీ నెలాఖరుకి మూయడం మాత్రం ఆగింది. తోడికోడలు బ్యాంకు నుంచి ఫోను చేసి ఈ కబురు చెబితే వదినమ్మ మిషను మీద తల ఆనించి కాసేపు అలాగే ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నం మరిది స్టూడియోకి వెళ్లలేదు. "వదినా, బయల్దేరు," అన్నాడు.

శిశు కేంద్రం గుమ్మంలో అతను బూట్లు విప్పి వరసలో పెట్టాడు. ఆ చిట్టి చెప్పుల పక్కన అవి రెండు పడవల్లా ఉన్నాయి. లోపల నీలం గుడ్డల నీడలో నిలబడి చుట్టూ చూశాడు. ఊయలమ్మ గోడ వారన ఊగుతూ, చేతులు ఆపకుండానే తలెత్తి చూసింది.

"ఎవరే?"

"అమ్మా, నేను..." అని మొదలుపెట్టి, తను ఎవరో, ఎప్పుడొచ్చాడో, ఎందుకొచ్చాడో, ఏం తప్పు మాట్లాడాడో, ఎందుకలా అనుకున్నాడో చెప్పుకుంటూ పోయాడు. ఎంతసేపటికీ ఆపలేదు.

"ఆ, వీడే," అంది ఊయలమ్మ వదినమ్మతో. "మిగతా సగం చెప్పడానికొచ్చాడు."

అతను చాప మీద కూలబడ్డాడు. ముసలావిడ ఎడమ పక్కనున్న పిల్లాడు అప్పటికే నిద్రపోయాడు. ఆవిడ ఎడమ చేయి చాచి, ఆ పక్కనే వంగి కూర్చున్న ఆ పెద్ద వీపు మీద ఒకసారి తట్టింది. కుడి చేయి కుడి పక్క పిల్ల మీదకి వెళ్లింది. అతను కదలకుండా కూర్చున్నాడు. ఎడమ చేయి మళ్లీ వచ్చింది.

"నా పక్కన ఎవరుండేవారమ్మా? కుడి పక్క?"

"గంపెడు జుట్టు పిల్ల. ఇప్పుడు బస్సు నడుపుతోంది. సందు చివర నేను కనిపిస్తే హారను కొడుతుంది, జనం హడలిపోయేలా." ఊయలమ్మ నవ్వింది. తర్వాత వదినమ్మ వైపు తిరిగింది. "నువ్వు నన్ను టీవీలో పొగిడావట. ఈ పిల్ల ఫోనులో చూపించింది. అన్నీ చెప్పావు గానీ సాయంత్రం సంగతి చెప్పలేదేం?"

"సాయంత్రం ఏముందక్కా? ఆవిరికి ఉడికిపోయి వచ్చేదాన్ని. వాణ్ని ఎత్తుకునే ఓపిక కూడా ఉండేది కాదు."

"నీకు తెలీదులే, నీకు వీడు ఎదురొచ్చేది కనిపించేది. నాకు వీడు వెళ్లేది కనిపించేది." ఊయలమ్మ గొంతులో ఎన్నాళ్లో దాచుకున్న ఉక్రోషం, నవ్వుతో కలిసి వచ్చింది. "పగలంతా నేను తిండి పెట్టాను, జోకొట్టాను. నువ్వు ఆ గుమ్మంలో అలా నిలబడితే చాలు, నా ఒళ్లోంచి జారిపోయేవాడు. చెప్పులు కూడా తొడుక్కోకుండా పరుగు. నీ చేతులు ఎర్రగా వాచిపోయి ఉండేవి. వాటినే పట్టుకుని వేలాడేవాడు. ఒక్కసారన్నా వెనక్కి తిరిగి చూస్తాడేమోనని నేను రోజూ చూసేదాన్ని. ఒక్కనాడూ చూడలేదు దొంగ సచ్చినోడు."

వదినమ్మ తన చేతుల వంక చూసుకుంది. ఆ చేతుల్ని పట్టుకుని ఒక పిల్లాడు వేలాడాడని ఆవిడకి నిజంగానే గుర్తులేదు. ఆవిడకి గుర్తున్నదల్లా నొప్పి. ఇప్పుడు ఆ నొప్పి అడుగున ఇంకేదో ఉందని, ఇన్నాళ్లూ దాన్ని ఎవరో భద్రంగా దాచి ఉంచారని తెలిసి, ఏం చేయాలో తోచక, పక్కనున్న పాప దుప్పటి అంచు సరిచేసింది. కుట్టు ఊడి ఉంది. రేపు సూది తెచ్చుకోవాలి.

తల్లులు రావడం మొదలైంది. మరిది లేచి, బూట్లు తొడుక్కున్నాడు. మెట్టు దిగుతున్న వదినమ్మ భుజం మీద చేయి వేసి నొక్కాడు. ఆ నొక్కు ఎలాంటిదో భుజానికి తెలిసింది.

గుమ్మం దాటి నాలుగడుగులు వేశాక అతను ఆగాడు. వెనక్కి తిరిగి చూశాడు.

గుమ్మంలో ఊయలమ్మ రెండు చేతులూ ఇద్దరు పిల్లలకి చెప్పులు తొడుగుతున్నాయి. చేయి ఊపడానికి ఖాళీ లేదు. గడ్డం ఎత్తి, ఇక వెళ్లమన్నట్టు ఊపింది.